పై చెలకలో తేమ

వేసవి వచ్చిందంటే పొద్దున ఆరున్నరకు మా అక్క ఫోన్ చేసేది. బాగున్నావా, తిన్నావా అనే మాటలేవీ ఉండవు. నేను ఎత్తీ ఎత్తగానే ఒకటే ప్రశ్న.

"చెల్లే, ఇయ్యాల వడ్లు ఆరబోయాల్నా, కుప్పజేసి కప్పాల్నా?"

నేను పనిచేసేది హైదరాబాద్‌లో, వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే ఒక ఆఫీసులో. అక్క దృష్టిలో మాత్రం అది వానల ఆఫీసు. ఏ ఊరికి ఏ రోజు వాన పంపాలో అక్కడ ఎవరో రాసి పెడతారు, నేను ఆ కాగితం చాటుగా చూసి చెబుతాను. ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా అంతే. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. నిజం చెప్పాలంటే, ఆమె అట్లా అనుకోవడం నాకు ఇష్టంగానే ఉండేది. నేను ఇంటర్ చదివే రోజుల్లో పరీక్షలప్పుడు నా వంతు కలుపు కూడా ఆమే తీసేది. నా చదువు ఒక మనిషికి, అదీ ఆ మనిషికి, ఉపయోగపడుతోందంటే గొప్పగానే అనిపించేది.

కానీ నాది పుట్టుకతోనే బుగులు మనసు. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాపు దాకా వెళ్లి వెనక్కి వస్తాను. తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కుతాను. అట్లాంటి మనిషికి వాన పడుతుందా పడదా అని లెక్కలు వేసే కొలువు దొరకడం ఖర్మ కాక మరేమిటి?

మా ఊరు మద్దూరు దగ్గర. అక్కను ఊళ్లోనే మేనమామ కొడుక్కి ఇచ్చారు. బాపు పోయాక మా భూమి కూడా వాళ్లే చేసుకుంటున్నారు. భూమి అంటే రెండు ముక్కలు. ఒకటి కింది మడి, రెండోది పై చెలక. పై చెలక ఎర్రనేల, కాలు పెడితే గులకరాళ్లు గుచ్చుకుంటాయి. నా చిన్నప్పుడు అందులో జొన్న, ఆముదం, కంది తప్ప ఇంకోటి ఎరగం. బాపు అందులో రెండు బోర్లు వేయించాడు. రెండో బోరు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నీళ్లకు బదులు తెల్లటి రాతిపొడి లేచి అందరి నెత్తిమీదా పడింది. బాపు ఆ పొడి దులుపుకోకుండానే ఇంటికి నడిచాడు. పై చెలక అనగానే నాకు ఇప్పటికీ నోట్లో ఆ పొడి తగులుతుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు కాలువ వచ్చింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. పండక్కో పెళ్లికో వెళ్లినా ఇంట్లో కూర్చుని వచ్చేదాన్నే తప్ప పొలం మొహం చూసింది లేదు.

మళ్లీ పై చెలకలో కాలు పెట్టింది ఒక డిసెంబరులో, ఆఫీసు పని మీద. నేలలో తేమను కొలిచే పరికరం ఒకటి ఆ ప్రాంతంలో ఎక్కడైనా పెట్టాలన్నారు. దొంగతనం కాకుండా చూసుకునే మనిషి కావాలి. మా అక్క ఉంది కదా అన్నాను. మూడు ఇనుప ముళ్లు మట్టిలోకి దిగుతాయి, పైన గుంజకు ఒక డబ్బా, ఎండతో నడిచే పలక. అంతే. అప్పుడు చెలకలో పీకేసిన పత్తికట్టె తప్ప ఏమీ లేదు.

వాన ఎక్కడ పడాలో మబ్బు ఒక్కటే తేల్చదు, కింద నేల కూడా తేలుస్తుంది. నీళ్లు పెట్టిన వరి మీద ఎండ కాస్తే, ఆ ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే, ఆకుల్లోంచి తేమను లాగడానికే సరిపోతుంది. అక్కడి గాలి చల్లగా, తడిగా ఉంటుంది. పక్కనే ఉన్న ఎండిన చెలక మీద అదే ఎండ నేలను కాలుస్తుంది, గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాని జాగాలోకి తడిపొలం వైపు నుంచి చల్లగాలి వస్తుంది. ఆ రెండు గాలులు కలుసుకునే చోట ఒక హద్దు ఏర్పడుతుంది. కంటికి కనిపించదు, గట్టూ ఉండదు, కంచే ఉండదు. పొద్దున ఒక చోట ఉంటే మధ్యాహ్నానికి ఇంకో చోటికి జరుగుతుంది. ఎండాకాలం మూడు నాలుగు గంటల వేళ ఉరుముల మబ్బు మొదట లేచేది చాలాసార్లు ఆ హద్దు వెంటే.

ఆ హద్దును కంప్యూటర్ గీయాలంటే ఏ నేల తడి, ఏ నేల పొడి, దేని మీద ఏ పైరు ఉందో ముందు మేము చెప్పాలి. మేము చెప్పిందే దానికి లోకం. పచ్చటి పొలాన్ని బీడు అని రాసిస్తే బీడే అనుకుని గాలులను కదిలిస్తుంది. అడ్డం తిరిగి అడగదు.

నేను స్క్రూలు బిగిస్తుంటే అక్క పక్కన గొంతుక్కూర్చుని అడిగింది.

"గిదేం జేస్తదే?"

"భూమిల తేమ ఎంతున్నదో గంట గంటకు మా ఆఫీసుకు జెప్తది."

"మరి మిషిన్ తడిస్తే పాడుగాదా?"

మంచి ప్రశ్న. కానీ అప్పుడే సిగ్నల్ అందక నా చేతిలోని ఫోన్ సతాయిస్తోంది, తిరుగు బస్సుకు టైమవుతోంది. నేను తల ఎత్తకుండా నవ్వుతూ అన్నాను.

"పైలం అక్కా. దీనికేమన్న అయిందంటే నా కొలువు పోతది."

అక్క నవ్వలేదు. "నేను జూస్కుంటగని నువ్వు నడువు" అంది.

వెళ్లేటప్పుడు బావను అడిగాను, ఈసారి పై చెలకలో ఏం వేస్తున్నావని. "ఇంక అనుకోలే పిల్లా" అన్నాడు. బస్సులో కూర్చుని మా పట్టికలో ఆ తట్టు మొత్తానికీ ఆరుతడి పంట అని రాసేశాను, పక్కన మొక్కజొన్న అని. పై చెలకలో అంతకన్నా ఏం పండుతుంది? నెల తర్వాత అక్క ఫోన్లో నాట్లు అయిపోయాయని చెప్పింది. కింది మడి సంగతి అనుకున్నాను. ఏ మడి అని అడగలేదు. యాసంగి, అదే రబీ, అంతా మళ్లీ అటు పోలేదు.

పరికరం నుంచి అంకెలు వచ్చేవి. మరీ పొడి కాదు, మరీ తడి కాదు. మొక్కజొన్న వేసిన ఎర్రనేలకు సరిగ్గా అంతే ఉండాలి అనిపించే అంకెలు. నేను అనుకున్నదీ అదే కాబట్టి వాటిని చూసినప్పుడల్లా నా ప్రాణానికి హాయిగా ఉండేది. గ్యాస్ కట్టిందీ లేనిదీ నాలుగుసార్లు చూసుకునే నేను వాటిని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

అనుమానించింది మా సారు. ఒకరోజు పిలిచి తెరమీద మా ప్రాంతం చూపించారు.

"ఉపగ్రహం ఈ తట్టంతా తడిగా ఉందంటోంది. మీ పరికరం కాదంటోంది. ఏది నమ్ముదాం?"

"పరికరాన్నే సార్. అది నేను పుట్టిన ఊరు. ఆ చెలకలో రెండు బోర్లు వేస్తే దుమ్ము లేచింది. నాకు తెలుసు."

"పక్కానా?"

"పక్కా."

ఆయన నన్ను నమ్మారు. ఆ ప్రాంతానికి మాకున్న పరికరం అదొక్కటే కాబట్టి, చుట్టుపక్కల నేలంతటికీ దాని మాటే ఖాయం చేశాం. దాంతో మోడల్‌లో, అంటే కంప్యూటర్ వేసే లెక్కలో, మా ఊరి తట్టు పొడినేల అయిపోయింది. తడికీ పొడికీ మధ్య హద్దు అక్కడి నుంచి లేచిపోయి, పడమర దిక్కున గజ్వేల్ కూరగాయల తోటల దగ్గర నిలబడింది. తెరమీద చూస్తే చాలా అందంగా, సరైన గీతలాగే కనిపించింది.

కోతలు అయ్యాయి. మా ఊరి కొనుగోలు కేంద్రం అంటే పెద్ద కట్టడమేమీ కాదు. పై చెలకను ఆనుకుని ఉన్న మిట్ట. మొరం పోసి చదును చేసిన నేల, ఒక టెంటు, కాంట. వడ్లలో తేమ పదిహేడు శాతం లోపుకు దిగితేనే తూకం వేస్తారు. అందుకని అందరూ పొద్దున పరుస్తారు, కాళ్లతో గీస్తూ తిప్పుతారు, సాయంత్రం కుప్ప చేసి పరదాలు కప్పుతారు. అక్క అప్పటికి ఎనిమిది రోజులుగా అదే పనిలో ఉంది. మధ్యలో ఎప్పుడు చెడగొట్టు వాన వస్తుందోనని అందరి చూపూ ఆకాశం మీదే.

ఆరోజు ఆరున్నరకు ఫోన్ వచ్చింది.

"ఇయ్యాల ఒక్క ఎండ దల్గితే మాయిశ్చర్ అస్తదంటున్రు చెల్లే. రేపు కాంట మాదే. పొద్దుగూకేదాక పరిచే ఉంచాల్నా, నడిమిట్ల కుప్పజెయ్యాల్నా?"

తెల్లవారుజామున వచ్చిన ఫలితం నా ముందే ఉంది. సాయంత్రం ఉరుముల వాన ఉంది గానీ మా వైపు కాదు. హద్దు గజ్వేల్ దగ్గర, వాన కూడా అక్కడే. అయినా మూడుసార్లు చూశాను. అలవాటు.

"పరిచే ఉంచక్కా. మన దిక్కు ఏం లేదు. అస్తే గజ్వేల్ దిక్కు అస్తది."

"పక్కోళ్లు గూడ అడుగుతున్రు, మీ చెల్లె ఏమన్నదని. చెప్పనా?"

మా అక్కకు చెప్పడం వేరు, మిట్ట మీద ఉన్న పది పన్నెండు కుటుంబాలకు చెప్పడం వేరు. ఎందుకొచ్చిన గొడవ, వాళ్ల సంగతి వాళ్లు చూసుకోమను అనాలి. కానీ అట్లా అంటే నా లెక్క మీద నాకే నమ్మకం లేదన్నట్టు అవుతుంది. అక్క ముందు ఆ మాట నా నోట రాలేదు.

"చెప్పు" అన్నాను.

మధ్యాహ్నం దాకా పని చేస్తున్నట్టే కూర్చున్నాను. రెండు గంటలకు ఉపగ్రహం బొమ్మ తెరిచాను. గజ్వేల్ మీద ఏమీ లేదు. మద్దూరు వైపు మాత్రం చిన్నచిన్న తెల్లమచ్చలు, ఒకదాని పక్కన ఒకటి, వంకరగా వరుస కట్టి ఉన్నాయి. అవి హద్దు వెంట లేచే మబ్బులు. అట్లాంటి వరుసను నేను పుస్తకాల్లో చూశాను, పాఠం కూడా చెప్పాను. పదిహేను నిమిషాల తర్వాత వచ్చిన బొమ్మలో మచ్చలు కలిసిపోయి ఉబ్బాయి.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. బావకు చేశాను. అటునుంచి గాలి హోరు, మనుషుల అరుపులు.

"మొగులైంది పిల్లా! దక్షిణం దిక్కు మొత్తం నల్లగైంది. గాలి దుమారం లేసింది. మీ అక్క పరదా గుంజుకొని ఎటో ఉరికింది..."

కట్ అయింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. హైదరాబాద్‌లో కిటికీ బయట ఎండ ఫెళఫెళలాడుతోంది. లోపల తెరమీద రాడార్ బొమ్మలో మా ఊరి చోట పసుపు మచ్చ, తర్వాత ఎరుపు. ఆ ఎరుపు కింద మిట్ట ఉంది, టెంటు ఉంది, పరిచిన వడ్లు ఉన్నాయి. నేను పరిచి ఉంచమన్న వడ్లు. ఇరవై సార్లు ఫోన్ చేసి ఉంటాను. కాసేపు వాష్‌రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి నిలబడ్డాను. పక్క సీటావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగితే తలనొప్పి అన్నాను.

ఐదున్నరకు అక్క ఫోన్ వచ్చింది.

"అచ్చింది చెల్లే."

"రాళ్లు వడ్డయా?"

"వడ్డయ్."

"వడ్లు?"

అక్క అంది, "నువ్వు తిన్నవా?"

ఇన్నేళ్లలో ఎన్నడూ ఫోన్లో ఆ మాట అడగని మనిషి. ఆమె తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు మొదటి బస్సు ఎక్కాను. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగినప్పుడు హోటల్ వాడు వాకిట్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతున్నాడు. మోడల్ వాన కురిపించిన చోట ఒక్క చినుకు లేదు. సిద్దిపేట దాటి కొంత దూరం పోయాక రోడ్డు తడిగా కనిపించింది. ఆ తర్వాత విరిగిన వేపకొమ్మలు, వంగిన కరెంటు స్తంభం. నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

మద్దూరులో బావ బండి తెచ్చాడు. ఊరి పొలిమేర దాటగానే నోరు తెరిచి చూశాను. రోడ్డుకు రెండు వైపులా, కింది మడుల నుంచి మిట్ట అంచు దాకా, వరి. ఆలస్యంగా నాటిన వాళ్ల మడులు ఇంకా పచ్చగా, నీళ్లలో నిలబడి ఉన్నాయి. మిట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ పచ్చదనం గీత గీసినట్టు ఆగిపోయింది. అవతల అంతా ఎర్రటి బోడినేల.

"బావా, పై తట్టంత గూడ వరేనా? ఎప్పటిసంది?"

"కాల్వ అచ్చినకాన్నుంచి" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "పై చెల్కల గూడ మూడేండ్లసంది యాసంగికి వరే ఏస్తున్నం. నీకు తెల్వదా?"

తెలియదు. తడికీ పొడికీ మధ్య హద్దు గజ్వేల్ దగ్గర కాదు, మా ఊరి మిట్ట అంచునే ఉంది. ఎవరైనా ఒక్కసారి బండి మీద పోతూ చూస్తే తెలిసే సంగతి. నేను మాత్రం నా చిన్ననాటి చెలకను పట్టికలో రాసి కంప్యూటర్‌కు ఇచ్చాను.

మిట్ట మీద మనుషులు కుప్పల మధ్య నిలిచిన నీళ్లను రేకు పళ్లేలతో ఎత్తి పోస్తున్నారు. కొట్టుకుపోయిన వడ్లు మొరంలో కలిసిపోతే ఆడవాళ్లు చీపుళ్లతో ఊడ్చి జల్లెడ పడుతున్నారు. తడి వడ్ల పులుపు వాసన అప్పుడే మొదలైంది. నన్ను చూసి కొందరు పనిలో పడ్డట్టు తలలు దించుకున్నారు. జల్లెడ పడుతున్న ఒక ముసలామె మాత్రం నా వైపు చూసి అంది.

"నీ చేతులున్నదా బిడ్డా వాన? ఊకో."

నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

అక్క చీర పైకి దోపుకుని తడి వడ్లను పలచగా పరుస్తోంది. కుప్పలో సగం ఒక పరదా కింద ఉంది. మిగిలిన సగం వడ్లు ఉబ్బి, రంగు మారి, నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

"సగం కప్పిన. సగం కప్పలేకపోయిన" అంది.

"రెండు పరదాలుండె గదక్కా?"

అక్క చేతులు దులుపుకుంది. "దా, చూపిస్త."

మిట్ట దిగితే పై చెలక. కోసిన వరి కొయ్యల మధ్య పిక్కల దాకా వాన నీళ్లు. మడి మూలకు, నేను డిసెంబరులో పరికరం పెట్టిన చోటికి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అక్కడ మోకాలెత్తు మట్టి కట్ట గుండ్రంగా, నున్నగా మెత్తి ఉంది. కట్ట మీద నాలుగు గుంజలు, వాటి మీద రెండో పరదా, కొసలకు ఇటుకలు. పరదా కింద నా పరికరం. దాని చుట్టూ నేల పొడిగా ఉంది. మడి అంతా నీళ్లు, ఆ కట్ట లోపల మాత్రం ముట్టి చూస్తే నా చేతికి మన్ను కూడా అంటలేదు.

"చూడు, ఒక్క సుక్క వడలే" అంది అక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో నిన్నటి నుంచి లేని వెలుగు. "దుమారం లేవంగనే ముందుగాల గీడికే ఉరికిన. ఇది గట్టి ఆడికి పొయ్యేటాల్లకు వాన దంచవట్టె. ఏంజేస్తం? వడ్లు మల్ల పండుతయ్. నీ కొలువు వోతే మల్ల అస్తదా?"

ఆమె చెప్పుకుంటూ పోయింది. నాట్లప్పుడే కట్ట కట్టిందట. కట్ట కింద నుంచి ఊట వస్తుంటే రోజూ పొద్దున బక్కెట్‌తో ఎత్తి పోసేదట. కోత మిషిన్ ఎక్కడ తగులుతుందోనని ఈ మూల నాలుగు సాళ్లు కొడవలితో తనే కోసిందట. యాసంగి అంతా ఒక్కరోజు కూడా తడవనివ్వలేదట.

నెలల తరబడి నాకు హాయినిచ్చిన అంకెలు అవి. అక్క నా కోసం రోజూ బక్కెట్‌తో ఎత్తి పోసిన నేల పొడిదనం. దాన్నే నేను మా ఊరి నేల అని సారు ముందు పక్కాగా చెప్పాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆమె మీద ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది, దాచను. ఆ వెంటనే, తడిస్తే పాడుగాదా అని ఆమె అడిగింది గుర్తొచ్చింది. నేను చెప్పిన జవాబూ గుర్తొచ్చింది.

గట్టు మీద పార ఉంది. తీసుకుని ఆ కట్టను ఒక పక్క కొట్టాను.

"ఓ! ఏం జేస్తున్నవే! తడుస్తది గదా!"

"తడువనియ్యి అక్కా. మడి ఎంత తడిస్తే గది గూడ అంత తడువాలె. దాని పనే గది."

వాన నీళ్లు గండిలోంచి లోపలికి జొరబడి ముళ్ల చుట్టూ తిరిగాయి. అక్క ఆ నీళ్లను చూసింది, మిట్ట వైపు చూసింది, నన్ను చూసింది. ఆమెకు లెక్కలు రావు గానీ తెలివికి తక్కువేమీ లేదు.

"అంటే... ఇది పొడిగున్నదని మీ ఆఫీసుల ఈడ భూమంత పొడిగున్నదనుకున్నరు?"

"ఊ."

"గందుకే వాన ఈడ రాదన్నవ్?"

"ఊ."

"మరి గిన్నొద్దులు నేను ఎత్తిపోసిన నీళ్లు?"

పార వదిలేసి ఆమె చేతులు పట్టుకున్నాను. అవి మొరంలో వడ్లు ఊడ్చి ఊడ్చి గీసుకుపోయి ఉన్నాయి. "తప్పు నాదక్కా. నువ్వడిగితే నేను చెప్పలే. ఈడ వరి ఏసిన్రా అని నేను అడుగలే" అన్నాను. ఆమె చేతులు మెల్లగా విడిపించుకుని, "సరే తియ్, ఎండ వొడుస్తుంది, వడ్లు తిప్పాలె" అని మిట్ట ఎక్కింది.

నాలుగు రోజులు అక్కడే ఉండి వాళ్లతో పాటు వడ్లు తిప్పాను. కొన్ని బాగుపడ్డాయి. కొన్ని మొలకెత్తాయి, అవి కోళ్ల పాలయ్యాయి. ఆఫీసుకు వచ్చి సారుకు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. పరికరం తప్పు కాదు, పెట్టిన మనిషి తప్పు అని. మా ఊరి తట్టును తడినేల అని, వరి అని దిద్ది, ఆరోజు లెక్కను మళ్లీ నడిపించాం. హద్దు గజ్వేల్ నుంచి లేచి వచ్చి మా మిట్ట అంచున నిలబడింది. మోడల్‌లో మధ్యాహ్నం రెండు దాటాక దాని మీద మబ్బు లేచింది, వాన పడింది. అసలు వాన కంటే అరగంట ముందే పడింది. ఆఫీసులో పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ తెర మీద పరిచిన వడ్లు కనిపించాయి.

ఆ తర్వాత అక్క ఫోన్ చేయడం మానలేదు. పెళ్లిళ్లు, జ్వరాలు, గేదె ఈనడం, అన్నీ చెప్పేది. వాన సంగతి మాత్రం అడగలేదు. వానాకాలం పంట వచ్చింది, పోయింది. మళ్లీ యాసంగి కోతలు వచ్చాయి. ఆరున్నరకు లేచి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. మోగేది కాదు. ఆమె ఇప్పుడు మబ్బు చూసి, గాలి చూసి, తన కళ్లనే నమ్ముకుంటోందని బావ చెప్పాడు. మంచిదే కదా అనుకోబోయాను, మనసొప్పలేదు.

వారం ఆగి ఒకరోజు నేనే చేశాను.

"అక్కా, పై తట్టుకు ఇంక నీళ్లు పారుతున్నయా? ఎవరెవరి మడులు కోసిన్రు? ఎవరియి పచ్చగున్నయ్?"

"నీ మిషిన్ జెప్తలేదా?"

"గది నీ మడి ఒక్కటే జెప్తది. మిగిలింది నాకు తెల్వది."

అక్క ఒక్కో మడి పేరూ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరిది కోతయింది, ఎవరిది ఇంకా గింజ పాలు పోసుకుంటోంది, కాలువ ఏ రోజు నుంచి బంద్ అయింది. నేను రాసుకున్నాను. మర్నాడూ చేశాను, ఆ మర్నాడూ చేశాను. పట్టిక మారుతూ వచ్చింది, తెరమీద హద్దు కూడా దాంతోపాటు జరుగుతూ వచ్చింది.

తొమ్మిదో రోజు మడుల సంగతి చెప్పడం అయిపోయాక అక్క ఫోన్ పెట్టేయలేదు.

"చెల్లే, ఇయ్యాల ఆరబోయాల్నా?"

తెర వంక చూశాను. హద్దు మా ఊరికి కొంచెం తూర్పున ఉంది. కొంచెం అంటే ఎంత? జరిగితే ఎటు జరుగుతుంది?

"అక్కా, నాకు సగమే తెలుసు."

"గా సగమే జెప్పు" అంది. "మిగిలింది నేను మొగులు జూస్కుంట. రెండు పరదాలు ఈడనే ఉన్నయ్."

చెప్పాను. ఫోన్ పెట్టేశాక సాయంత్రం దాకా నాకు ముద్ద దిగలేదు.